పూల్ టేబులా, క్యారమ్ బోర్డులా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం ‘పూల్ ఆట: పరికరాలు, మెళకువలు’. కొవ్వూరు బడి సభలో ఈ విషయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. స్వర్ణోత్సవ కానుకగా బడికి ఒక ఆటల గది ఇవ్వాలని మన సంఘం తీర్మానించింది. అందులో పూల్ టేబులు పెడదామని అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు ముచ్చటపడ్డారు, సగం డబ్బు పంపుతామని కూడా రాశారు. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో దాని మీద నిర్ణయం జరగాలి. ఆ ఆట కాస్తో కూస్తో ఆడినవాణ్ణి గనక నన్ను మాట్లాడమన్నారు.

నా మాట ముందే చెప్పేస్తానండీ, దాచుకోవడం దేనికి? టేబులు వద్దు. ఆ డబ్బుతో సరైన కొలతలున్న క్యారమ్ బోర్డులు కొందాం. పూల్ మీద నాకేమీ కోపం లేదు. అది నాకు చాలా ఇష్టమైన ఆట. అందుకే దాని సంగతి ముందు చెబుతాను.

పూల్‌కి అన్నగారు స్నూకర్. అది పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ ఛాంబర్లేన్ అనే సైనికాధికారి దాన్ని మొదలుపెట్టాడు. తర్వాత ప్రధాని అయిన ఛాంబర్లేన్ వేరే. అక్కణ్ణుంచి ఊటీ క్లబ్బుకి వెళ్లాక నిబంధనలు కుదురుకున్నాయి. అప్పుడు ఊటీ, మన కొవ్వూరు రెండూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అయినా ఆట ఊటీ కొండ దిగి మన గోదావరి గట్టు దాకా రాలేదు. వచ్చినా దొరల క్లబ్బుల్లో, జమీందార్ల మేడల్లో ఆగిపోయింది. హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బరోస్ అండ్ వాట్స్ వారి బిలియర్డ్స్ టేబులు ఉంది. దానికి జోడీ బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందని చెబుతారు. సామాన్యుడు గోడమీంచి తొంగి చూసిన ఆట అది. మన దేశానికి వ్యక్తిగత క్రీడల్లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ తెచ్చింది కూడా ఆ కర్రే. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ బిలియర్డ్స్‌లో గెలిచారు. ఇప్పుడు పంకజ్ అద్వానీ పాతికకు పైగా ప్రపంచ టైటిళ్లు తెచ్చారు. కాబట్టి ఆట చిన్నదని నేననడం లేదు.

నేను పూల్ నేర్చుకున్నది డాలస్‌లో, మా అబ్బాయి దగ్గర ఉన్న అయిదేళ్లలో. అక్కడ అపార్టుమెంట్లకి క్లబ్‌హౌసు ఉంటుంది, అందులో తరచుగా ఒక టేబులు ఉంటుంది. శనివారం సాయంత్రం తెలుగువాళ్లం పదిమందిమి చేరేవాళ్లం. పదిమందికీ క్యూ కర్ర గురించి పదకొండు అభిప్రాయాలు.

కర్ర బరువు ఔన్సుల్లో చెబుతారు. నిబంధనల ప్రకారం 25 ఔన్సులు దాటకూడదు. మామూలుగా 18 నుంచి 21 దాకా వాడతారు. మాలో ఒకాయన 21 ఔన్సుల కర్ర తప్ప ముట్టుకోడు, బరువుంటేనే చెయ్యి నిలకడగా వెళుతుందంటాడు. ఇంకొకాయన 18 మించితే మణికట్టు మొద్దుబారిపోతుందంటాడు. ఔన్సంటే 28 గ్రాములు, అంటే అయిదు క్యారమ్ కాయిన్ల బరువు. ఆ తేడా మీద భోజనాలు చల్లారిపోయేదాకా వాదించుకోవడం నేను చూశాను.

కొయ్య గురించి ఇంకో వాదం. పూల్ కర్రకి మేపుల్, స్నూకర్ కర్రకి ఎక్కువగా యాష్ వాడతారు. ఇప్పుడు కార్బన్ ఫైబరు వచ్చింది. వాన వచ్చినా ఎండ వచ్చినా అది వంగదు. దాని గొప్ప ఇంకొకటి చెబుతారు. తెల్ల బంతిని నడిమికి కొట్టకుండా పక్కగా కొట్టి తిప్పాలనుకుంటే, బంతి కర్ర చూసిన దారిలో సూటిగా పోదు, రవ్వంత అవతలికి జరుగుతుంది. కర్ర ముందు భాగం ఎంత తేలికైతే ఆ జరుగుడు అంత తక్కువ. అందుకని కొత్తరకం కర్రల్లో ముందు భాగం బరువు తగ్గిస్తున్నారు. పాతకాపులు మాత్రం నవ్వుతారు. ‘నా కర్ర ఎంత జరుపుతుందో నాకు తెలుసు, అంత పక్కకి గురిపెడతాను, దానికి అంత డబ్బెందుకు?’ అంటారు. నాకూ వాళ్ల మాటే నచ్చింది. కర్ర మార్చినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రెయెస్ 1999లో కార్డిఫ్‌లో నైన్‌బాల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆయన చాలాకాలం చవకరకం కర్రతోనే ఆడాడని పూల్ ఆడేవాళ్లు కథలు కథలుగా చెప్పుకుంటారు.

కర్ర కొసనున్న తోలు బిళ్ల మాత్రం నిజంగా తేడా చూపిస్తుంది. ఆ తోలు రాకముందు ఉత్త కొయ్యతో కొట్టేవారు, బంతి మీద కొయ్య జారిపోయేది. తోలు తెచ్చింది మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి, జైల్లో ఉండగా కనిపెట్టాడని చెబుతారు. తోలు మెత్తగా ఉంటే బంతిని కాస్త ఎక్కువ పట్టుకుంటుంది గాని త్వరగా పుట్టగొడుగులా పక్కలకి విచ్చుకుంటుంది. గట్టి తోలు చాలాకాలం మన్నుతుంది, మొదటి బలమైన దెబ్బకి మంచిది. దాని మీద రాసే నీలం ముక్కని సుద్ద అంటాం గాని అందులో సుద్ద లేదు. అమెరికాలో 1897లో స్పింక్స్ అనే ఆటగాడు, హాస్కిన్స్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి పేటెంటు తీసుకున్న సరుకు అది, సిలికాతో, గరుకు పొడితో చేసింది. ప్రతి దెబ్బకీ ముందు రాసుకోవాలి. రాయకపోతే ఎంత ఖరీదు కర్రైనా జారుతుంది. కొందరు మూడువేళ్ల తొడుగు వేసుకుంటారు, చెమటకి కర్ర ఆగకుండా. నాకది వంటింట్లో మసిగుడ్డలా అనిపించేది, వాళ్లకి చెప్పలేదు.

మెళకువల సంగతికొస్తే, ఇంత వాదించుకునే పదిమందీ ఒకచోట ఏకమయ్యేవారు. బల్ల మీద ఆనించిన ఎడంచెయ్యి కదలకూడదు, కుడి మోచేయి లోలకంలా ఊగాలి, దెబ్బ పడ్డాక తల లేపకూడదు. తల లేపడమే అందరి జబ్బూ. బంతి గుంటలో పడిందో లేదో అన్న తొందరలో, దెబ్బ పూర్తికాక ముందే మనిషి లేస్తాడు, భుజం కదులుతుంది, గురి పోతుంది. క్యారమ్స్ ఆడినవాళ్లకి ఇది వేరే చెప్పాలా? స్ట్రైకరు వదిలీ వదలకముందే మెడ సాచి పాకెట్ వైపు చూసేవాళ్లం కాదూ?

ఇక్కడ మన లెక్కల మాస్టారు, ఫిజిక్సు టీచరు గారు ఉన్నారు గనక ఒక లెక్క చెబుతాను. పూల్‌లో తెల్ల బంతి, రంగు బంతి దాదాపు ఒకే బరువు. తెల్ల బంతిని తిప్పుడు లేకుండా జార్చి సూటిగా ఎదురు కొడితే, అది తన వేగమంతా రంగు బంతికి ఇచ్చేసి ఉన్నచోటే ఆగిపోతుంది. క్యారమ్స్‌లో స్ట్రైకరు 15 గ్రాములు, కాయిను 5 నుంచి 5.5 గ్రాములు. బరువైనది తేలికైనదాన్ని కొడితే ఆగదు. సూటిగా కొట్టినప్పుడు లెక్క ప్రకారం స్ట్రైకరు వేగంలో దాదాపు సగం దానికే మిగులుతుంది, కాయిను ఒకటిన్నర రెట్ల వేగంతో పోతుంది. అందుకే పాకెట్ అంచున ఉన్న కాయిన్ని మనం సూటిగా కొడితే వెనకే స్ట్రైకరు కూడా పోయి ఫైను పడేది.

మా రోజుల్లో బరువు స్ట్రైకరంటే మోజు. ఎవడి తాతగారి దగ్గరో దంతం స్ట్రైకరు ఉండేది, అది తెచ్చినవాడు ఆ వారం దొర. నిబంధనల్లో 15 గ్రాములకి మించకూడదు, అడ్డకొలత 4.13 సెంటీమీటర్లకి మించకూడదు. 22 గ్రాముల స్ట్రైకరుతో కొట్టామనుకోండి. కాయిను వేగం ఒకటిన్నర నుంచి 1.6 రెట్లకి పెరుగుతుంది, అంతే. స్ట్రైకరుకి మిగిలే వేగం మాత్రం సగానికి తక్కువ నుంచి 60 శాతానికి పోతుంది. అంటే లాభం కంటే ఫైన్లు ఎక్కువ. ఎంత బరువు పెంచినా కాయిను వేగం రెండు రెట్లు దాటదు. క్యూ కర్ర కూడా బంతికి మూడు రెట్ల పైచిలుకే ఉంటుంది, దానికీ ఇదే లెక్క. డాలస్‌లో 21 ఔన్సుల పెద్దమనిషికి ఒకరోజు పేపరు మీద ఇదంతా వేసి చూపించాను. ‘లెక్క సరేనండీ, నా చెయ్యికి తెలుసు’ అన్నాడు. తర్వాతి వారమూ అదే కర్ర తెచ్చాడు.

ఇంకో పోలిక. పూల్ బంతి రెండుంపావు అంగుళాలు, మూల గుంట నోరు నాలుగున్నర అంగుళాలు. రెండు బంతులు పక్కపక్కన పట్టేంత. క్యారమ్స్ పాకెట్ 4.45 సెంటీమీటర్లు, కాయిను 3.18 దాకా. కాయినుకి ఒకటికి నాలుగు పదోవంతుల రెట్లే. మనవాళ్లు చిన్నపిల్లల ఆటని తీసిపారేస్తారు గాని, ఇరుకు ఇక్కడే ఎక్కువ.

ఇక అసలు చిక్కు కర్రలతో కాదు, టేబులుతో. తొమ్మిదడుగుల మంచి పూల్ టేబులు అంటే కింద అంగుళం మందం పలకరాయి, దాని మీద బిగించిన ఉన్ని గుడ్డ, చుట్టూ రబ్బరు అంచులు. మొత్తం నాలుగైదు వందల కిలోలు. దాన్ని మట్టం చూసి నిలబెట్టడానికి, గుడ్డ మార్చడానికి పనివాడు దూరం నుంచి రావాలి. తడి తగిలితే గుడ్డ బరువెక్కి బంతి నెమ్మదిస్తుంది. పెద్ద స్నూకర్ పోటీల్లో పలకరాయి కింద వేడిచేసే తీగలు పెడతారు, తేమ పోవడానికి. ఇది గోష్పాద క్షేత్రం ఊరు. ఏటి గాలి ఆగస్టులో మన పుస్తకాలకే బూజు పట్టిస్తుంది. పలకరాయి వద్దులే, చవకరకం చెక్క టేబులు కొందామంటారా? పేరెందుకు గాని, ఒక కాలేజీలో అలాంటిది చూశాను. రెండో వర్షాకాలానికి మధ్యలో గుంటపడింది. బంతిని ఎక్కడ వదిలినా నడిమికి దొర్లుకుంటూ వచ్చేది. మూడో ఏడు దాని మీద పరీక్ష పేపర్ల కట్టలు పేర్చి ఉన్నాయి.

స్థలం సంగతి కూడా చూడండి. ఆ టేబులు ఆడే భాగం 100 అంగుళాలు, 50 అంగుళాలు. చుట్టూ 58 అంగుళాల కర్ర ఊగడానికి చోటు కావాలి. లెక్కేస్తే 18 అడుగులు, 14 అడుగులు. మనం అనుకున్న పాత సైన్సు గది నిన్న సాయంత్రం టేపు పట్టి కొలిచాం. 20 అడుగులు, 16 అడుగులు. అందులో రెండు బీరువాలు. టేబులు పెడితే కర్ర బీరువాకి తగులుతుంది. తగలకపోయినా ఒకేసారి ఆడేది ఇద్దరు, మహా అయితే నలుగురు. మిగతా ముప్పైమంది గోడకి ఆనుకుని చూడాలి. అదే గదిలో ఆరు క్యారమ్ బోర్డులు పడతాయి, 24 మంది కూర్చుంటారు.

బోర్డులంటే మా కాలంలో ఉన్నలాంటివి కావు. అప్పుడు ఒకే ఒక బోర్డు, బెంచీ మీద పెట్టి ఆడేవాళ్లం, ఒక మూల కింద అట్టముక్క. మా డ్రిల్లు మాస్టారు దాన్ని ప్రాణంలా చూసుకునేవారు గాని, ఆయన మాత్రం ఏం చేస్తారు? సరైన బోర్డు ఆడే భాగం 73.5 నుంచి 74 సెంటీమీటర్లు ఉండాలి. ప్లైవుడ్ కనీసం 8 మిల్లీమీటర్ల మందం ఉండాలి. దాని నునుపుకి ఒక పరీక్ష ఉంది, కొనేటప్పుడు కొట్లోనే చెయ్యొచ్చు. పౌడరు చల్లి, బాగా ఆడే మనిషి చేత 15 గ్రాముల స్ట్రైకరుని గట్టిగా ఎదుటి చెక్కకి కొట్టించాలి. అది కనీసం మూడున్నర సార్లు అటూ ఇటూ తిరగాలి. రెండు సార్లకే ఆగితే, ఎంత మెరుస్తున్నా, కొనొద్దు. స్టాండు 63 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, పైన నీడ పడకుండా షేడున్న దీపం. ఆటగాళ్లకి కదలని స్టూళ్లు.

పౌడరు గురించి ఇక్కడున్న నూటికి తొంభైమందికి అభిప్రాయం ఉంటుందని నాకు తెలుసు. ఇంట్లో అమ్మ మొహానికి రాసుకునే పౌడరు ఎత్తుకొచ్చి చల్లిన బ్యాచ్ మాది. అది చెమట పీల్చడానికి చేసిన సరుకు, తడిని పట్టుకుని ఉండలు కడుతుంది. బోరిక్ పౌడరు సూక్ష్మంలో పొరలు పొరలుగా ఉంటుంది, పొర మీద పొర జారుతుంది, పెన్సిలు గ్రాఫైటు లాగే. అందుకే స్ట్రైకరు దాని మీద తేలుతుంది. పూల్‌లో సుద్ద పట్టుకోవడానికి, మనకి పౌడరు జారడానికి. కొంచెమే చల్లాలి, ఆట అయ్యాక తుడవాలి. నోట్లోకి, కళ్లలోకి పోకుండా చిన్నపిల్లల చేతులు కడిగించాలి. బోర్డుని గోడకి వాలుగా ఆనించి పెట్టకూడదు, నడుము వంగుతుంది. పడుకోబెట్టి పైన గుడ్డ కప్పాలి.

ఇప్పుడు నన్ను నిజంగా తొలిచే సంగతి చెబుతాను. మా బ్యాచ్ పదో తరగతి రాసింది 1976లో. ఆ అయిదేళ్లలో ఆటల గది గుమ్మం దాటి ఒక్క ఆడపిల్ల కూడా రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. ఒక్క బోర్డు చుట్టూ పదిమంది మగపిల్లలం ముసురుకుంటే ఎలా వస్తారు? వాళ్లు వేసవి సెలవుల్లో మండువాల్లో, అరుగుల మీద ఆడుకునేవారు. మా వీధిలో నాకంటే బాగా ఆడే అమ్మాయిలు ముగ్గురుండేవారు. కట్ కొట్టడంలో, రీబౌండులో వాళ్లకి సాటిలేదు. పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. ఒకావిడ ఇవాళ మూడో వరసలోనే ఉన్నారు. పేరు చెబితే ఊరుకోరు.

వాళ్లు అరుగు దగ్గర ఆగిపోయిన ఆటలోనే మన తెలుగు నేల అమ్మాయి, హైదరాబాదు అపూర్వ, 2016లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆవిడ ఎల్.ఐ.సి. ఉద్యోగి. ఎల్.ఐ.సి., పెట్రోలియం సంస్థల వంటివాటికి క్యారమ్స్ జట్లు ఉన్నాయి, ఈ ఆట మీద ఉద్యోగాలు వచ్చినవాళ్లున్నారు. చెన్నైలో మరియ ఇరుదయం గారికి ఈ ఆటకే అర్జున అవార్డు వచ్చింది. అదే చెన్నైలో ఆటో డ్రైవరు గారి అమ్మాయి ఖాజిమా, 17 ఏళ్ల పిల్ల, 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పులో మూడు బంగారు పతకాలు తెచ్చింది. మన బళ్లో ఇప్పుడు చదువుతున్న పిల్లల నాన్నలు ఆటో నడుపుతున్నారు, ఇసుక ర్యాంపుల్లో, కొట్లలో పనిచేస్తున్నారు. పూల్ నేర్చుకున్న పిల్ల బడి వదిలాక ఆ ఆట కొనసాగించాలంటే వంతెన దాటి గంటకింత అని డబ్బు కట్టి ఆడే చోటు వెతుక్కోవాలి. అక్కడ ఎవరుంటారో, తల్లి పంపుతుందో లేదో మీకు తెలుసు. క్యారమ్ బోర్డు ఆ పిల్ల ఇంట్లో మంచం కింద పడుతుంది.

డబ్బు పంపుతామన్న మిత్రులకి ఒక మనవి. మీరు అక్కడ ఆడి ఆనందించిన ఆట మీ బడి పిల్లలకీ ఇవ్వాలనుకోవడం చాలా పెద్ద మనసు. ఆ మొత్తంలో ఆరు బోర్డులు, స్టాండ్లు, దీపాలు, 24 స్టూళ్లు, స్ట్రైకర్లు రాగా ఇంకా మిగులుతుంది. మిగిలినదాంతో ఏటా ఒక వారం, బాగా ఆడే మనిషిని ఒకరిని పిలిపించి పిల్లలకి నేర్పిద్దాం. వేళ్లు ఎలా పెట్టాలో, రెండు గీతలూ తాకేలా స్ట్రైకరు ఎలా ఉంచాలో, రెడ్డు తీశాక కవరు ఎటునుంచి చూసుకోవాలో మాకెవరూ చెప్పలేదు. దెబ్బలు తిని నేర్చుకున్నాం, సగం తప్పుగానే నేర్చుకున్నాం.

హెడ్‌మాస్టారు గారికి రెండు విన్నపాలు. ఆ గది తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండకూడదు. మా రోజుల్లో తాళం ఉన్నాయన సెలవు పెడితే ఆ వారమంతా ఆట లేదు. మంగళ, గురువారాలు సాయంత్రం గది ఆడపిల్లలకే ఉండాలి. ఆ రోజు చెవి తొమ్మిదో తరగతి ఆడపిల్లల లీడరు చేతికివ్వండి. నిన్న ఇద్దరు ముగ్గురు పిల్లల్ని అడిగితే, ‘మాకు రెడ్డు వేయడం వచ్చండీ’ అన్నారు.

బోరిక్ పౌడరు ఖర్చు, ఎన్నేళ్లయినా సరే, 1976 బ్యాచ్ పెట్టుకుంటుంది. డబ్బాలు నెల మొదటి వారంలో ఆఫీసు రూములో అందజేస్తాం. సాయంత్రం సమావేశానికి అందరూ రండి, చేతులెత్తే ముందు ఒకసారి ఆ గది చూసి రండి.